ట్యాబ్ కీబోర్డు మొరాయిస్తే: దోషం ఎక్కడుందో పట్టుకొని బాగుచేసుకోవడం ఎట్లా

ట్యాబ్ బాగానే ఉంటుంది, దానికి తగిలించే కీబోర్డే ఉన్నట్టుండి మొరాయిస్తుంది. తిరుపతిలో గాని చిత్తూరులో గాని మొబైల్ కొట్టుకు తీసుకెళ్తే కౌంటరు దగ్గరే తేల్చేస్తారు: "కీబోర్డు పోయింది సార్, కొత్తది తెచ్చుకోండి." కంపెనీ కీబోర్డు ధర వింటే మళ్ళీ పెన్నూ కాగితం పట్టాలనిపిస్తుంది. మోడల్ పాతదైతే డబ్బు పెడతామన్నా దొరకదు. అట్లా తేల్చేసినవాళ్ళు చాలాసార్లు దాన్ని తిప్పి కూడా చూసి ఉండరు.

దోషం ఉండగలిగింది మూడు చోట్లే. ట్యాబ్‌లో, కీబోర్డులో, లేదా రెండూ కలిసే అతుకులో. అతుకులోనే ఎక్కువ. గాలి, చెమట, దుమ్ము తగిలేది అక్కడే. రోజూ పీకేది, పెట్టేది, మడిచేది అక్కడే. అందుకే ముందు సెట్టింగులు, తర్వాత అతుకు, ఆ తర్వాతే లోపలి భాగాలు చూడాలి. ఈ వరస తప్పి నేరుగా స్క్రూడ్రైవరు పట్టుకుంటే బాగున్నదాన్ని కూడా చెడగొట్టుకుంటారు.

ముందుగా సామాన్లు సర్దుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా కావాలి, ఎలక్ట్రానిక్స్ కొట్లో ఐపీఏ అంటే ఇస్తారు, 99 శాతం అని రాసి ఉన్నది తీసుకోండి. మెత్తటి టూత్ బ్రష్షు, దూది పుల్లలు, పళ్ళు కుట్టుకునే వెదురు పుల్లలు, సెల్లో టేపు, పిల్లల తెల్ల రబ్బరు, రెండు మూడు వందలకు దొరికే డిజిటల్ మల్టీమీటరు. సోల్డరింగ్, అంటే తగరం కరిగించి తీగలు అతకడం, చేతనైతే ఇంకో మెట్టు దాకా వెళ్ళొచ్చు. చేతకాకపోయినా చాలా పని ఇంతటితోనే అయిపోతుంది.

మీది ఏ రకం

కీబోర్డు పై అంచునా, ట్యాబ్ అంచునా బంగారు రంగు చుక్కలు వరసగా కనబడితే అది పిన్నుల రకం. పోగో పిన్నులు అంటారు. ఒక వైపు స్ప్రింగు మీద లేచి దిగే సన్నటి పిన్నులుంటాయి, ఎదుటి వైపు చదునైన బిళ్ళలుంటాయి, రెంటినీ అయస్కాంతాలు పట్టి ఉంచుతాయి. కీబోర్డుకు కావలసిన కరెంటు ట్యాబ్ నుంచే వస్తుంది కాబట్టి విడిగా చార్జింగ్ పెట్టే పని లేదు. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్, లెనోవో డ్యూయెట్, సామ్‌సంగ్ ట్యాబ్ ఎస్ వరసలోని బుక్ కవర్ కీబోర్డులు ఈ కోవలోవే. 2015లో ఐప్యాడ్ ప్రోతో పాటు ఆపిల్ తెచ్చిన స్మార్ట్ కనెక్టర్‌కు చుక్కలు మూడే: ఒకటి కరెంటుకు, ఒకటి సమాచారానికి, ఒకటి గ్రౌండుకు.

కీబోర్డుకు తనదైన చార్జింగ్ రంధ్రమూ ఆన్ ఆఫ్ స్విచ్చీ ఉంటే అది బ్లూటూత్ రకం. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంచిన ట్యాబ్‌ల లాంటి వాటికి పిన్నులుండవు, కాబట్టి వాటికి ఈ రకమే కొనుక్కోవాలి. ఇవి కాక ఆసుస్ ట్రాన్స్‌ఫార్మర్ బుక్ లాంటి పాత మోడళ్ళలో ట్యాబ్ కింది అంచు కొక్కేలతో కీబోర్డులోకి దిగి కూర్చుంటుంది. వాటికీ కింద చెప్పిన పిన్నుల వైద్యమే చాలావరకు సరిపోతుంది.

విప్పకముందు చూడాల్సినవి

కీబోర్డు బాగుండి కూడా పోయినట్టు కనబడే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ముందు వాటిని తీసేయాలి.

తెలుగు టైపు చేసేవాళ్ళకు వచ్చే చిక్కు ఒకటుంది. విండోస్‌లో విండోస్ గుర్తు కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారిపోతుంది. చేయి తగిలి ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరికకు మారిందనుకోండి, కె నొక్కితే క వస్తుంది కాబట్టి అనుమానం రాదు; హెచ్ నొక్కితే ప, జె నొక్కితే ర, డి నొక్కితే పొల్లు పడతాయి. పాస్‌వర్డు పెట్టే చోట అక్షరాలు చుక్కలుగా కనబడతాయి కాబట్టి అసలు సంగతి తెలియదు, "సరైన పాస్‌వర్డే కొడుతున్నా, తీసుకోవడం లేదు" అంటారు. స్క్రీను మూలలో భాష గుర్తు చూస్తే తేలిపోతుంది.

జె, కె, ఎల్ నొక్కితే 1, 2, 3 పడుతున్నాయంటే నమ్ లాక్ ఆన్ అయ్యింది. కొన్ని చిన్న కీబోర్డుల్లో దాన్ని ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కాలి. కుడి షిఫ్ట్ కీని 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే విండోస్‌లో ఫిల్టర్ కీస్ అనే ఏర్పాటు పైకొస్తుంది. తెర మీద అడిగినదానికి చూసుకోకుండా ఔననేస్తే, ఆపైన కీని కాసేపు నొక్కి ఉంచితే తప్ప అక్షరం పడదు. కీబోర్డు మొద్దుబారింది అని తెచ్చే వాటిలో ఇది తగులుతుంటుంది. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి పోయి ఆపేయండి. టచ్‌ప్యాడ్ ఒక్కటే పనిచేయకపోతే పై వరస ఫంక్షన్ కీల్లో దాని బొమ్మ ఉన్నదాన్ని వెతకండి, దాంతో ఆగిపోయి ఉండొచ్చు.

ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే కీబోర్డు తగిలించి, సెట్టింగుల్లో భాషలు, ఇన్‌పుట్ అనే చోట ఫిజికల్ కీబోర్డు తెరవండి. అక్కడ కీబోర్డు పేరు కనబడుతున్నా అక్షరాలు పడకపోతే, లేదా తప్పుగా పడితే, లేఅవుటు, అంటే ఏ కీకి ఏ అక్షరం అన్న అమరిక, చూసుకోవాలి, కీబోర్డు లోపలి భాగాన్ని అనుమానించాలి. పేరే కనబడకపోతే కలయికే జరగడం లేదు, అతుకు మీద దృష్టి పెట్టాలి. విండోస్‌లో ఇదే పని, తగిలించిన పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ చేస్తుంది. కీబోర్డ్స్ అన్న చోట తగిలించినప్పుడు ఒక పేరు కొత్తగా చేరి, పీకినప్పుడు పోవాలి. చేరుతోంది గాని పనిచేయడం లేదంటే ఆ పేరును అన్‌ఇన్‌స్టాల్ చేసి ట్యాబ్ రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని మళ్ళీ తనే పెట్టుకుంటుంది.

విండోస్ ట్యాబ్‌లకు ఇంకా గట్టి పరీక్ష ఉంది. విండోస్ మొదలుకాకముందే కీబోర్డు పనిచేస్తుందేమో చూడటం. సర్ఫేస్‌లో వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే సెటప్ తెర వస్తుంది. అక్కడ బాణం కీలు కదిలితే కీబోర్డుకు, అతుకుకు ఏ జబ్బూ లేనట్టే. దోషం విండోస్‌ది. అక్కడా కదలకపోతే ఇక సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళడం దండగ. డ్రైవర్లు, అప్‌డేట్లు అంటూ సాయంత్రమంతా కూర్చోకండి.

ఏ వైపు దోషం

ఇంట్లో గాని ఆఫీసులో గాని ఉన్న మామూలు యూఎస్‌బీ కీబోర్డును ఓటీజీ ముక్కతో, అంటే యూఎస్‌బీ తీగను ట్యాబ్ చార్జింగ్ రంధ్రానికి కలిపే అడాప్టరుతో, ట్యాబ్‌కు పెట్టండి. అది పనిచేస్తే ట్యాబ్ సాఫ్ట్‌వేర్ బాగుందని అర్థం. ట్యాబ్ పిన్నులు కూడా బాగున్నాయని మాత్రం కాదు, ఎందుకంటే ఆ దారి వేరు. పిన్నుల సంగతి తేలాలంటే అదే మోడల్ ఇంకొకటి కావాలి. ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో చదువుకునేవాళ్ళకు ఇది కష్టం కాదు, హాస్టల్లో ఎవరో ఒకరి దగ్గర అదే మోడల్ ఉంటుంది. వాళ్ళ కీబోర్డు మీ ట్యాబ్‌కు, మీ కీబోర్డు వాళ్ళ ట్యాబ్‌కు పెట్టి చూడండి. ఐదు నిమిషాల పని. ఖర్చు కూడా ఒక టీ.

ఇంకో చిన్న సంగతి. ట్యాబ్‌కు వెనక రబ్బరు కవరు వేసి ఉంటే తీసేసి చూడండి. కవరు అంచు వెంట్రుకవాసి అడ్డం వచ్చినా పిన్నులు ఆనవు.

అతుకు శుభ్రం చేయడం

ఇక్కడ తొందరపడకండి. ట్యాబ్ ఆఫ్ చేయండి. నిద్రపుచ్చడం చాలదు, పూర్తిగా ఆఫ్ చేయాలి. సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి వేసి చుక్కలను ఒక్కొక్కటిగా చూడండి. ఏటవాలు వెలుతురులో తేడా బాగా తెలుస్తుంది.

మామూలుగా మూడు రకాల మురికి కనబడుతుంది. మొదటిది నల్ల రజను. మన మట్టిలో, ఇసుకలో ఇనుప రజను ఉంటుంది. చిన్నప్పుడు ఇసుకలో అయస్కాంతం తిప్పి దాన్ని పోగుచేసే ఉంటారు. కీబోర్డు అంచున ఉన్నవీ అయస్కాంతాలే కదా. సంచిలో పెట్టినా, మిద్దె మీద పెట్టినా ఆ రజనును, విరిగిన స్టేపిలర్ పిన్నులను లాక్కుంటాయి. అవి రెండు పిన్నుల మధ్య పడితే షార్ట్ అవుతుంది, ట్యాబ్ తనను తాను కాపాడుకోవడానికి ఆ దారిలో కరెంటు ఆపేస్తుంది. మనకు కీబోర్డు చచ్చినట్టు కనబడుతుంది. దీన్ని ఊదితే పోదు, బ్రష్షుతో తుడిస్తే ఇంకో చోటికి జరుగుతుంది. సెల్లో టేపు జిగురు వైపు అద్ది లాగండి, రజను టేపుకు వచ్చేస్తుంది. అంచు మొత్తం శుభ్రమయ్యేదాకా కొత్త ముక్కలతో చేయండి.

రెండోది చెమట, నూనె, చేతి జిడ్డు కలిసిన పలుచటి పొర. కంటికి పెద్దగా కనబడదు, చుక్క మెరుపు తగ్గి మసకగా ఉంటుంది. దీనికి ఐపీఏ. దూది పుల్లను తడిపి, పిండి, ఒక్కో చుక్కనూ ఒకే దిక్కుగా తుడవండి. దూది నల్లబడితే పుల్ల మార్చండి. చేతికి రాసుకునే శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, అవి జిడ్డుగా మిగిలిపోతాయి. పెట్రోలు, థిన్నర్ ప్లాస్టిక్‌ను తినేస్తాయి. తుప్పుకు కొట్టే నూనె స్ప్రేలూ వద్దు. ఇవాళ పనిచేసినట్టు అనిపిస్తుంది, నెల తిరిగేసరికి ఆ నూనెకు దుమ్మంతా పట్టుకుంటుంది.

మూడోది పచ్చటి లేదా తెల్లటి పొడి. ఇది తుప్పు. చుక్కల మీద బంగారు పూత పలుచగా ఉంటుంది, దాని కింద నికెల్, దాని కింద రాగి. పూతలో సన్నటి సందు దొరికి తడి తగిలితే రాగి పచ్చబడుతుంది. అన్ని చుక్కలూ బాగుండి ఒక్కటే పచ్చబడి ఉంటే అది దాదాపు ఎప్పుడూ కరెంటు వచ్చే చుక్కే. వోల్టేజీ ఉన్న చోట తడి చేరితే పాజిటివ్ వైపు లోహం ముందు కరుగుతుంది. తిరుపతి, చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడినప్పుడు, మే నెలలో నీళ్ళ కూలర్ ఎదురుగా ట్యాబ్ పెట్టుకున్నప్పుడు ఇది ఎక్కువ. తుప్పును ముందు వెదురు పుల్ల మొనతో మెల్లగా గీకి రాల్చండి, తర్వాత ఐపీఏ తడిపిన టూత్ బ్రష్షుతో రుద్దండి, ఆరాక తెల్ల రబ్బరుతో నాలుగుసార్లు తేలిగ్గా తుడవండి. రబ్బరు పొట్టు టేపుతో తీసేయండి. సాండ్ పేపరు, బ్లేడు, గుండుసూది మాత్రం తాకనీయకండి. పూత గీసుకుపోతే ఆ రోజుకు పనిచేస్తుంది, వచ్చే వానాకాలానికి మళ్ళీ పచ్చబడుతుంది, ఈసారి ఇంకా తొందరగా.

ఆయుధ పూజనాడు ట్యాబ్‌కూ గంధం, కుంకుమ పెడతాం. పెట్టొచ్చు, మూత మీద పెట్టండి. పిన్నుల అంచున వద్దు, తడి గంధం ఆ సందుల్లోకి దిగితే తీయడం చాలా కష్టం.

పిన్నులు లేచి దిగుతున్నాయా

శుభ్రం చేశాక స్ప్రింగు పిన్నులను వెదురు పుల్ల మొద్దు చివరతో ఒక్కొక్కటే నొక్కి వదలండి. బాల్‌పెన్ మీట లాగా టక్కున పైకి రావాలి. అన్నీ ఒకే ఎత్తులో నిలవాలి. కంటిని ట్యాబ్ అంచు మట్టానికి దించి పక్క నుంచి చూస్తే పొట్టిగా ఉన్నది తెలిసిపోతుంది. పిన్ను కిందే ఉండిపోతే దాని మొదట్లో ఒక్క చుక్క ఐపీఏ వేసి ఇరవై ముప్పై సార్లు మెల్లగా నొక్కి వదులుతూ ఉండండి. లోపల పట్టిన జిడ్డు కరిగి చాలా పిన్నులు లేస్తాయి. ట్వీజర్‌తో పట్టి పైకి లాగొద్దు. పిన్ను ఊడి వస్తే స్ప్రింగు ఎగిరిపోతుంది, దాన్ని వెతకడం ఎవరి వల్లా కాదు.

ఎదుటి వైపు బిళ్ళలు లోపలికి కుంగిపోయి ఉన్నా ఇదే బాధ. ట్యాబ్‌ను కీబోర్డు మీద కాస్త అదిమి పట్టుకుంటే పనిచేసి, వదిలేస్తే ఆగిపోతోందంటే పిన్ను పొట్టి అయినా అయ్యుండాలి, బిళ్ళ కుంగైనా ఉండాలి. పరిష్కారం పిన్నుల ముక్క మార్చడమే. అది కొట్లో చేయించాల్సిన పని.

ఐపీఏ పూర్తిగా ఆరాక, పావుగంట ఆగి, ట్యాబ్ ఆన్ చేసి చూడండి. ఇక్కడితో బాగైపోయిన కీబోర్డులే ఎక్కువ.

మల్టీమీటరుతో

ఇంకా పలకకపోతే మీటరు తీయండి. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ట్యాబ్ ఆన్‌లో ఉండగా, నల్ల ముల్లు (మీటరు నల్ల తీగ కొసనున్న మొన) చివరి పిన్నుకు ఆనించి ఎర్ర ముల్లుతో మిగతావాటిని ఒక్కొక్కటిగా తాకండి. ఎక్కడో ఒక చోట 5 వోల్టులో 3.3 వోల్టులో చూపిస్తే ట్యాబ్ కరెంటు ఇస్తోందని తేలింది. ఏమీ చూపకపోయినా ట్యాబ్ పోయిందని అనుకోకండి. కొన్ని ట్యాబ్‌లు కీబోర్డును గుర్తుపట్టాకే కరెంటు వదులుతాయి, ఐప్యాడ్ అట్లాంటిదే. రెండు పిన్నులకు ఒకే ముల్లు తగలకుండా చూసుకోండి. చేయి వణికేవాళ్ళు ముల్లు మొన మాత్రం బయటికి ఉంచి మిగతాదానికి టేపు చుట్టుకోవాలి.

కీబోర్డు వైపు కంటిన్యుటీ చూడాలి, అంటే బీప్ శబ్దం వచ్చే గుర్తు మీద పెట్టాలి. ఒక ముల్లు అంచు బిళ్ళ మీద, ఇంకొకటి లోపలి బోర్డులో ఆ తీగ చేరే చోట. దీనికి కీబోర్డు విప్పాలి. బీప్ రాని తీగే తెగిన తీగ.

మడత దగ్గర తెగిన తీగ

పిన్నులు శుభ్రంగా ఉండి, కీబోర్డు ఒక కోణంలో పనిచేస్తూ ఇంకో కోణంలో ఆగిపోతోందంటే దోషం మడతలోనే. పిన్నులున్న పట్టీ నుంచి కీబోర్డు బోర్డు దాకా సన్నటి తీగలో, ప్లాస్టిక్ రిబ్బనో మడత గుండా పోతుంది. రోజుకు పదిసార్లు మడిస్తే రాగి అలిసిపోయి తెగుతుంది. పైన ప్లాస్టిక్ తెగదు కాబట్టి బయటికి ఏమీ తెలియదు. ముళ్ళు రెండు కొసలకూ పెట్టి మడతను మెల్లగా అటూ ఇటూ వంచండి. బీప్ వచ్చి పోతుంటే దొరికినట్టే.

విప్పడానికి ముందు ఒక నిర్ణయం చేసుకోవాలి. సర్ఫేస్ టైప్ కవర్, ఐప్యాడ్ స్మార్ట్ కీబోర్డు లాంటివి గుడ్డా తోలులాంటి పొరా జిగురుతో అతికినవి. తెరిస్తే మళ్ళీ మునుపటిలా అతుక్కోవు. గ్యారంటీ ఉంటే కంపెనీకే పంపండి, లేకపోతే ఎలాగూ పనిచేయడం లేదు అన్న ధైర్యంతోనే తెరవండి. గట్టి ప్లాస్టిక్ డబ్బా కీబోర్డులు, అంటే లాప్‌టాప్ కింది సగంలా ఉండేవి, విప్పడానికే చేసినవి. అడుగున రబ్బరు కాళ్ళ కింద, స్టిక్కరు కింద కూడా మరలుంటాయి, వేలితో తడిమితే గుంట తెలుస్తుంది. మరలన్నీ తీశాక పాత ఏటీఎం కార్డు ముక్కను సందులో దూర్చి చుట్టూ తిప్పితే లాకులు ఊడతాయి. తీసిన ప్రతి మరనూ ఏ గుంటలోదో తెలిసేట్టు కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసి, ఆ చోటే టేపుతో అతికించుకోండి. పొట్టి మర ఉన్నచోట పొడుగు మర పెడితే పై వైపు కీ కిందికి పొడుచుకువస్తుంది.

తెగింది తీగ అయితే సోల్డరింగ్ వచ్చినవాళ్ళు ఆ ముక్కను వదిలేసి, సన్నటి మెత్తని కొత్త తీగను బోర్డు నుంచి బిళ్ళ దాకా వేయొచ్చు, దీన్నే జంపర్ అంటారు. మడత దగ్గర బిగుతుగా లాగొద్దు, కాస్త వదులుగా ఒంపు ఇవ్వాలి, లేకపోతే అదీ తెగుతుంది. వేశాక పసుపు హీట్ టేపు వేయండి. తెగింది ప్లాస్టిక్ రిబ్బన్ అయితే సోల్డరింగ్ ఐరన్‌ను దాని దగ్గరికి పోనివ్వకండి. ఐరన్ వేడి 350 డిగ్రీలు, ఆ ప్లాస్టిక్ 260 డిగ్రీలకే కరిగిపోతుంది. అదే వెడల్పు, అన్నే గీతలున్న కొత్త రిబ్బన్ వేసుకోవాలి. రిబ్బన్ దూరే చోట నల్లటి చిన్న తలుపు ఉంటుంది, గోరుతో లేపి, రిబ్బన్ తీసి, కొత్తది నిటారుగా దూర్చి, తలుపు మూయాలి. రిబ్బన్ ఏ ముఖం పైకి ఉందో తీసేముందే ఫోటో తీసుకోండి.

కొన్ని కీలే పనిచేయకపోతే

ఒక్క కీ పోతే దోషం ఆ కీ కిందే. లడ్డూ పొడి, మురుకు ముక్క, చీమ, ఏదో ఒకటి. కీ టోపీని ఒక మూల నుంచి ప్లాస్టిక్ ముక్కతో లేపితే ఊడుతుంది. కింద కత్తెర ఆకారపు క్లిప్పు, మధ్యన రబ్బరు బొడిపె ఉంటాయి. ముందు మీరు ఎప్పుడూ వాడని కీ మీద చేయి తిప్పుకోండి, అది విరిగినా ఫర్వాలేదు. స్పేస్, ఎంటర్ కీలకు అదనంగా ఇనుప తీగ ఉంటుంది, వాటిని అవసరమైతే తప్ప తీయొద్దు.

ఒకేసారి ఆరో ఎనిమిదో కీలు పోతే కథ వేరు. కీల కింద మూడు ప్లాస్టిక్ రేకులుంటాయి. పైదానికీ కిందిదానికీ వెండి సిరాతో అచ్చు వేసిన గీతలు, మధ్య రేకుకు కన్నాలు. కీ నొక్కితే పై గీత కింది గీతకు తగులుతుంది. ఒక్కో గీత చాలా కీలను కలుపుకుంటూ పోతుంది, అది పైకి కనబడే వరసలోనే ఉండాలని లేదు. అందుకే ఒక గీత తెగితే అక్కడక్కడ విడివిడిగా ఉన్న కీలన్నీ ఒకేసారి మూగబోతాయి. ముందు రేకు నుంచి బోర్డుకు పోయే రిబ్బన్‌ను తీసి, కొస ఐపీఏతో తుడిచి, మళ్ళీ పెట్టండి. దాంతో రాకపోతే రేకుల మీద నల్లబడిన గీత కోసం చూడాలి. వెండి సిరా పెన్నుతో ఆ ముక్క మీద గీసి, ఆరనిచ్చి, బీప్ చూసుకోవచ్చు. ఓపిక ఉన్నవాళ్ళ పని ఇది. నన్నడిగితే రేకులు మారిస్తేనే మేలు.

ఏదైనా ఒలికినప్పుడు ఎక్కువమంది చేసేది తప్పు వైద్యం. చిత్తూరు జిల్లా కదా, జూన్ వచ్చిందంటే ఇంటినిండా తోతాపురి, బేనీషా. మామిడి రసం, టీ, కూల్‌డ్రింకు, అన్నింట్లోనూ చక్కెర ఉంది. చక్కెర ఐపీఏలో కరగదు. ఎంత ఆల్కహాల్ పోసినా ఆ జిగురు అట్లాగే ఉంటుంది. చక్కెరను కరిగించేది నీళ్ళే. వెంటనే కీబోర్డు పీకి, బోర్లించి, విప్పగలిగితే విప్పి, బ్యాటరీ ఉంటే ముందు దాన్ని విడదీసి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన గుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి. యాసిడ్ కాదు, నీళ్ళే అని సీసా మీద చదివి తీసుకోండి. ఆ తర్వాతే ఐపీఏతో తుడిస్తే మిగిలిన తడిని తీసుకుపోతుంది. బోరు నీళ్ళు వద్దు, అందులోని ఉప్పులు మిగిలిపోతాయి. బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టడం వల్ల ఉపయోగం లేదు, తవుడు సందుల్లో చేరడమే మిగులుతుంది. మే ఎండలో మిద్దె మీద ఆరబెడితే కీబోర్డు భాగాలను అతికించిన జిగురు కరుగుతుంది. ఫ్యాను కింద ఒక రోజు పెట్టండి, చాలు.

బ్లూటూత్ కీబోర్డు అయితే

ట్యాబ్ బ్లూటూత్ జాబితాలో పాత పేరును ఫర్గెట్ కొట్టి తీసేసి, కీబోర్డు మీద ఎఫ్ఎన్ కీతో బ్లూటూత్ గుర్తు కీ నొక్కి కొత్తగా జతచేయండి. తెర మీద అంకెలు వస్తే వాటిని టైపు చేయాల్సింది బ్లూటూత్ కీబోర్డు మీదే, తర్వాత ఎంటర్ నొక్కాలి. తెర మీది కీబోర్డులో కొట్టి కలవలేదంటారు చాలామంది.

చార్జింగ్ దీపం వెలగకపోతే ముందు కేబుల్ మార్చండి, తర్వాత ఫాస్ట్ చార్జర్ బదులు పాత 5 వోల్టుల 1 ఆంపియర్ చార్జర్ పెట్టి చూడండి. నెలల తరబడి వాడకుండా బీరువాలో ఉన్న కీబోర్డుల బ్యాటరీ అడుగంటి ఉంటుంది. విప్పి మీటరు పెడితే మంచి బ్యాటరీ 3.7 వోల్టులకు అటూ ఇటూ, పూర్తిగా నిండితే 4.2 చూపాలి. 3 కంటే బాగా కిందికి దిగిపోయినదాన్ని బలవంతంగా చార్జ్ చేయొద్దు, మార్చేయండి. బ్యాటరీ మీద 403040 లాంటి అంకె ఉంటే దాని అర్థం 4 మిల్లీమీటర్ల మందం, 30 వెడల్పు, 40 పొడుగు. ఆ కొలతే తెచ్చుకోండి. ఎరుపు నలుపు తీగలు తారుమారు కాకూడదు, ఒక తీగ సోల్డర్ చేసేటప్పుడు రెండో తీగ కొసకు టేపు వేసి ఉంచండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, వంచడం, చెత్తబండిలో వేయడం మూడూ ప్రమాదమే. ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇవ్వండి.

కొట్టుకు వెళ్ళాల్సి వస్తే

ఫోన్ల కొట్టు కంటే లాప్‌టాప్ బోర్డు పని చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. "కీబోర్డు పనిచేయడం లేదన్నా" అంటే కొత్తది కొనమంటారు. "అన్నా, పిన్నులు శుభ్రం చేశా, ట్యాబ్ వైపు 5 వోల్టులు వస్తున్నాయి, కీబోర్డులో రెండో తీగకు బీప్ లేదు, జంపర్ వేస్తావా?" అని అడిగితే కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. బేరం కూడా తీగకే జరుగుతుంది, కీబోర్డుకు కాదు.

పిన్నుల ముక్క, రిబ్బన్, రేకులు ఇక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ ఉంది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో సెంట్రల్‌లో దిగితే అక్కణ్ణుంచి దగ్గరే. పాత కీబోర్డును వెంట తీసుకెళ్ళండి, ఫోటో చాలదు. ఒకే కంపెనీ, ఒకే సైజు మోడళ్ళలో కూడా పిన్నుల చోటు మారుతుంది.

ట్యాబ్ వైపు పిన్నులు బాగుచేయలేని స్థితిలో ఉంటే కీబోర్డును పారేయకముందు ఒకటి అడగండి. డబ్బా రకం విండోస్ కీబోర్డుల్లో చాలావాటి లోపల ఉన్నది మామూలు యూఎస్‌బీ కీబోర్డే. అది పనిచేసిన రోజుల్లో డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ ఇన్‌పుట్ డివైస్ అని కనబడి ఉంటే అనుమానమే లేదు. పాత యూఎస్‌బీ కేబుల్ కోసి, ఎర్ర తీగ 5 వోల్టుల చోట, నల్ల తీగ గ్రౌండులో, తెల్ల, పచ్చ తీగలు సమాచారం పోయే రెండు చోట్లా సోల్డర్ చేస్తే మామూలు యూఎస్‌బీ కీబోర్డులా పనిచేస్తుంది. తెల్ల, పచ్చ తారుమారైతే ప్రమాదం లేదు, గుర్తుపట్టదంతే, మార్చి వేస్తే సరి. ఎర్ర, నల్ల తారుమారైతే బోర్డు కాలుతుంది. పిన్నుల దగ్గర 3.3 వోల్టులే కనబడిన కీబోర్డుకు మాత్రం ఈ పని చేయకూడదు, 5 వోల్టులు దానికి ఎక్కువ.

మూత బిగించే ముందు, లాకులు నొక్కకముందే, నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీనీ ఒకసారి కొట్టించి చూడండి. కొట్లో అయితే అక్కడే నిలబడి చూడండి; ట్యాబ్‌ను పిన్ నంబరుతో సహా వదిలిపెట్టి రావద్దు, కీబోర్డు ఒక్కటే ఇచ్చి రండి.